ఇంటి వైఫై మాంద్యము

(రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగపాఠము)



పుస్తకముల పండుగనాడు వైఫై ప్రసంగమేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. సాయంకాలము ఆరు గంటలు దాటిన పిమ్మట ఈ గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండు పిల్లలను చూచినవారికి ఆ సందేహము నిలువదు. వారిలో పెక్కురు లోపలికి వచ్చి పుస్తకము తీయువారు కారు. గోడకు చేరగిలబడి సెల్లు ఫోనులలో పాఠములు వినుచుందురు. వారి యిండ్లలో లైను లేదా యన్నచో, ఉన్నది. నెలనెల రుసుమును చెల్లుచున్నది. ఇంటికడ మాత్రము పాఠము నడువదు. బోధకుని ముఖము నోరు తెరచినది తెరచినట్లే నిలిచిపోవును; దానిమీద గుండ్రని చక్రమొకటి తిరుగుచుండును. పిల్ల చదువుట లేదని తండ్రికి కోపము, పాఠము కదలుట లేదని పిల్లకు కంటనీరు. దోషము ఎవరిదో తేల్చువాడు లేడు.

1935వ సంవత్సరమున కొల్లూరునుండి పెదవడ్లపూడి వరకు కాలువలో పడవమీద గ్రంథాలయము నడపిన దేశమిది. పట్టణములో అచ్చుపడినంత మాత్రమున పుస్తకము చదువరి చేతికి వచ్చినట్లు కాదని ఆనాటి పెద్దలెరుగుదురు. కడపటి నాలుగు మైళ్ళే కష్టము. నేటి వైఫై సంగతియు నిట్టిదే. సముద్రములు దాటి వచ్చిన విద్య వీధి గుమ్మము వరకు క్షణములో వచ్చును. అచ్చటినుండి పెరటిగదికి పోవు ముప్పది అడుగులలో ఆగిపోవును.

భగీరథుని కథ ఎల్లరకు తెలిసినదే. గంగ స్వర్గమునుండి దిగుట ఒక ఘట్టము. శివుని జటాజూటమున దారి తెలియక ఏండ్లకొలది తిరుగుట రెండవ ఘట్టము. జహ్నుమహర్షి యజ్ఞవాటికను ముంచి ఆయనచే పానము చేయబడుట మూడవది. నది యెంత గొప్పదైనను ఈ రెండు చిక్కులు తీరువరకు సగరపుత్రుల భస్మమునకు ఒక్క బొట్టైనను చేరలేదు. ఇంటికి వచ్చు ఫైబరు తీగను ఆకాశగంగ యనుకొన్నచో, ఇంటిలోని గోడలు, ఇనుప బీరువాలు జటలు. ఒకే పెట్టెనుండి త్రాగు ఫోనులు, టెలివిజనులు, కాపలా కెమెరాలు జహ్నువులు. గంగ జటలలో చిక్కినపుడు భగీరథుడు శివునిగూర్చి తపస్సు చేసెను గాని మరల బ్రహ్మకడకు పోలేదు. నేటి గృహస్థుడో, బ్రహ్మకడకే పోవును. అనగా కంపెనీవారికి ఫోను చేసి హెచ్చు రుసుము ప్లానునకు మారును. గంగ ఇంకను ఉద్ధృతముగా దిగును, జటలలోనే తిరుగును.

ఒక గ్రామమునందలి ఒక యింటి సంగతి చెప్పినచో విషయము తేటపడును. ఇంటివారి పేరుతో పని లేదు. అది తాతలనాటి మండువా లోగిలి. గోడలు అడుగున్నర మందము. కేబులు కుర్రవాడు స్తంభమునుండి తీగ లాగి, వీధిగది కిటికీ చట్రమునకు రంధ్రము చేసి, తీగ ఎచ్చట లోపలికి వచ్చెనో అచ్చటనే, టెలివిజను వెనుక, ఇనుప బీరువా ప్రక్కన వైఫై పెట్టె బిగించి పోయినాడు. అతనికది దగ్గర త్రోవ. ఇంటి కూతురు ప్రవేశపరీక్షకు చదువుకొనునది పెరటివైపు గదిలో. నడుమ మూడు గోడలు, ఆ బీరువా, వంటింటి ఫ్రిజ్జు. ప్లాను 40 ఎంబీపీఎస్. పాఠము నిలిచిపోవుచున్నదని తండ్రి 100 ఎంబీపీఎస్ ప్లానునకు మారినాడు. రుసుము పెరిగినది. పెరటిగదిలో పాఠము మునుపటివలెనే నిలిచిపోవుచున్నది. తండ్రికి కూతురిమీద అనుమానము బలపడినది.

ఎంబీపీఎస్ అను మాటకు అర్థము సెకండునకు ఇన్ని మెగాబిట్టులని. ఫోనులో ఏదైన గ్రంథమును దింపుకొనునపుడు కనబడు లెక్క సామాన్యముగా మెగాబైట్లలో నుండును. బైటునకు 8 బిట్టులు. కోస్తా జిల్లాల పాత కొలతలో కుంచమునకు 8 తవ్వలైనట్లు. కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లానులో సెకండునకు 12.5 మెగాబైట్లకు మించి రాదు. తవ్వలలో కొన్న సరుకును కుంచములలో కొలిచి, తక్కువ వచ్చినదని అంగడివానితో తగవులాడువారు కలరు. ఆ తగవు నిలువదు.

మరియు ఎంత కావలెనన్నది ముందు తెలిసికొనవలెను. 2023 జనవరిలో భారత ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండు అను పేరునకు కనీసవేగము 2 ఎంబీపీఎస్ అని నిర్ణయించినది. అంతకు పూర్వమది 512 కేబీపీఎస్ మాత్రమే. బోధకుని ముఖము, నల్లబల్లమీది అక్షరములు స్పష్టముగా కనబడు పాఠమునకు 3, 4 ఎంబీపీఎస్ నిలకడగా వచ్చిన చాలును. నిలకడ అను మాట ముఖ్యము. ఒక క్షణము 30, మరుక్షణము సున్న వచ్చిన పాఠము నడువదు. ఎల్లవేళల 4 వచ్చిన నడచును. ఆ యింటివారు కొన్న 40 ఎంబీపీఎస్ పది పాఠములకు సరిపడునది. ఒక్క పాఠమునకు చాలకపోవుట యెట్లు?

లెక్క చూడక పద్దు వ్రాయరాదు. స్పీడు టెస్టు అను వేగపరీక్ష ఏ ఫోనులోనైనను ఉచితముగా చేయవచ్చును; దానిని ఎచ్చట నిలుచుండి చేసితిమన్నదే ప్రధానము. మొదటి పరీక్ష పెట్టెకు తీగతో ల్యాపుటాపును తగిలించి చేయవలెను. ఆ సమయమున ఇంటిలోని తక్కిన ఫోనులు, టెలివిజను ఆపివేయవలెను. దీనివలన కంపెనీవారు ఇంటికి ఎంత తెచ్చి పోసినారో తెలియును. ల్యాపుటాపు లేనివారు పెట్టెకు నాలుగైదు అడుగుల దూరమున నిలుచుండి ఫోనుతోనే చేయవచ్చును. అది కొంచెము తక్కువ చూపినను పనికివచ్చును. రెండవది మండువాలో, మూడవది పని జరుగు గదిలో. ఉదయము, మధ్యాహ్నము, రాత్రి తొమ్మిది గంటలకు, మూడు పూటలు చేసి ఒక కాగితముమీద వ్రాసి ఉంచవలెను. నోటి లెక్క పనికిరాదు. మూడు దినముల తరువాత ఎవరికిని జ్ఞాపకముండదు, ఎవరికి తోచిన అంకె వారు చెప్పుదురు.

ఆ యింటిలో కూతురే ఈ లెక్క వ్రాసినది. తీగతో 95. పెట్టె ముందర 88. మండువాలో 30. పెరటిగదిలో 2; ఒక్కొక్కసారి ఒకటికి లోపల. 100 ఎంబీపీఎస్ ప్లానున తీగమీద 95 వచ్చుట న్యాయమే. కాబట్టి కంపెనీవారి పద్దున బాకీ లేదు. జమ 95, చేరుబడి 2, దారిఖర్చు 93. పూర్వపు ప్లానులో జమ 38, చేరుబడి అదే 2. హెచ్చుగా కట్టిన రుసుమంతయు దారిఖర్చు క్రింద వ్రాయవలసినదే. డెల్టా రైతులకు ఈ లెక్క క్రొత్త గాదు. లాకుకడ నీరు హెచ్చించినంత మాత్రమున శివారు పొలము తడియదు. బోదెలో పూడిక తీయవలెను.

ఇంతకును గాలిలో జరుగుచున్నదేమి? ఈ తరంగములున్నవని 1865లో మాక్స్‌వెల్ గణితముచే చెప్పెను. ఇరువదేండ్లు దాటిన తరువాత జర్మనీలో హెర్ట్‌జ్ వానిని పుట్టించి చూపెను. 1895లో కలకత్తా టౌనుహాలునందు జగదీశచంద్ర బోసు ఈ జాతి తరంగములనే గోడలు దాటించి, అవతలి గదిలో గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చినాడు. ఆ సభలోనివారు గోడ దాటెనే యని ఆశ్చర్యపడిరి. నేటి గృహస్థుడు గోడ దాటలేదేయని విసుగుకొనుచున్నాడు. రెండును సత్యమే. తరంగము గోడ దాటును. దాటినందుకు సుంకము చెల్లించును. మూడు గోడలకు మూడు సుంకములు.

సుంకము అన్ని గోడలకు ఒక్కటి కాదు. తాటాకు కప్పు, కొయ్య తలుపు, పలుచని పలకల తడిక తరంగమును దాదాపుగా ఆపవు. ఇటుక గోడ కొంత మ్రింగును. మందము పెరిగినకొలది ఎక్కువ మ్రింగును. మట్టిగోడ వానలకు నానినపుడు ఎండకాలముకంటె ఎక్కువ మ్రింగును, ఏలన నీటికి ఈ తరంగములను పీల్చు గుణము కలదు. ఇనుప కడ్డీలు పెట్టి పోసిన కాంక్రీటు ఇటుకకంటె చెడ్డది. కేవల లోహమైనచో తరంగము దాటనే దాటదు. అద్దమునుండి వెలుగువలె వెనుకకు మరలును. ఇనుప బీరువా, ఫ్రిజ్జు, రేకుల కప్పు, వెనుక కళాయి పూసిన నిలువుటద్దము, టెలివిజను వెనుకనున్న లోహపు పలక, ఇవన్నియు ఇట్టివే. ఆ యింటి పెట్టెకు ఒక ప్రక్క టెలివిజను, ఒక ప్రక్క బీరువా. దీపము వెలిగించి కుండ బోర్లించినట్లున్నది.

దూరము చేయు నష్టము వేరు. అడ్డు లేని చోట సైతము దూరము రెట్టింపైన శక్తి నాలుగవ వంతగును. శక్తిని కొలుచుటకు డీబీఎం అను కొలత కలదు; ఫోనులో ఒక చిన్న యాప్ వేసికొన్న కనబడును. అంకెకు ముందు రుణచిహ్నముండును. -50 మిక్కిలి బలము; -67 వరకు పాఠములకు, మాటలకు నిక్షేపముగా చాలును; -80 దాటిన ఆశ వదలుకొనవలెను. -67కును -80కును భేదము చూపునకు 13 మాత్రమే. ఈ కొలతలో ప్రతి మూడింటికి శక్తి సగమగుచు పోవును గనుక ఆ 13 తగ్గుదలకు శక్తి ఇరువదవ వంతునకు దిగును. ఫోనుమీద కనబడు నాలుగు గీతలను నమ్ముకొన్నవారికి ఈ రహస్యము తెలియదు.

పెట్టె రెండు రకముల తరంగములను విడుచును. ఒకటి 2.4 గిగాహెర్ట్‌జ్, భారతదేశమున 2005నుండి లైసెన్సు లేకుండ వాడుకొనుటకు అనుమతి కలది. దాని అల పొడవు సుమారు ఐదంగుళములు. రెండవది 5 గిగాహెర్ట్‌జ్. దాని పట్టీలో చాలభాగమును 2018లో ప్రభుత్వము అట్లే విడిచిపెట్టినది. దాని అల రెండంగుళముల పైచిలుకు. మొదటిది మెల్లగా నడచు ఎద్దుబండి. మందపు గోడలను సైతము కొంతవరకు దాటి పెరడు చేరును. రెండవది గుఱ్ఱము; వేగము మెండు, గోడను చూచి బెదరును. పెట్టె ఉన్న గదిలోను, తలుపు తెరచియున్న ప్రక్క గదిలోను రెండవదానిని వాడవలెను. దూరపు గదికి మొదటిదే గతి. కొన్ని పెట్టెలు రెండింటికి ఒకే పేరు పెట్టి ఫోనునే ఎంచుకొనుమనును. ఫోను ఒక్కొక్కసారి తెలివితక్కువగా బలహీనమైన గుఱ్ఱమునే పట్టుకొని వ్రేలాడును. అప్పుడు పెట్టె అమరికలో రెండింటికి రెండు పేర్లు పెట్టి, ఏ గదిలో ఏది మేలో పరీక్షించి చూచుకొనుట మంచిది. ఈ రెండవదాని పేరు చివర 5జి అని కనబడుచుండును. 2022 అక్టోబరు 1న ఈ దేశమున ప్రారంభమైన 5జి సెల్లు ఫోను సేవకును దీనికిని సంబంధము లేదు. అది ఐదవ తరము. ఇది ఐదు గిగాహెర్ట్‌జ్. పేర్లు కలిసినంతనే చుట్టరికము కాదు.

పెట్టెకు తగిన స్థానము ఇంటి నడిబొడ్డు. ఎత్తు మనిషి తలకు సమానముగా గాని, కొంచెము పైన గాని యుండవలెను. నేలమీద పెట్టిన పెట్టెనుండి వచ్చు తరంగములు మంచములు, ధాన్యపు బస్తాలు, కూర్చున్న మనుష్యులు దాటి పోవలెను. మనుష్యశరీరమును చాలమట్టుకు నీరే. పెట్టెకు కొమ్ములుండినచో వానిని నిలువుగా నిలుపవలెను. కొమ్మునుండి తరంగము చుట్టును ప్రక్కలకు వ్యాపించును గాని కొన దిక్కునకు పోదు. కొమ్ము కొనను పెరటిగదివైపు తుపాకివలె గురిపెట్టువారు ఆ గదికే అన్యాయము చేయుచున్నారు. మేడమీద గది ఉన్నవారు రెండు కొమ్ములలో ఒకదానిని పండబెట్టి చూడవచ్చును. పెట్టెమీద గుడ్డ కప్పుట, మూతగల అరలో పెట్టుట, సెట్‌టాప్ బాక్సుమీద ఎక్కించుట తగవు. అది వేడెక్కిన మందగించును.

పెద్దలు కట్టిన మండువా లోగిలికి ఈ విషయమున ఒక గొప్ప సదుపాయము కలదు. నడుమ ఆకాశమునకు తెరచిన చోటు. దాని చుట్టు వసారా. అన్ని గదుల ద్వారములును ఆ వసారాలోనికే. గాలికి, వెలుతురునకు కట్టిన ఆ యేర్పాటు తరంగములకును సరిపోయినది. మండువా స్తంభమునకు, చూరు క్రింద తడి తగులని చోట పెట్టెను బిగించిన, ఏ గదికి పోవలెనన్నను తరంగము ద్వారముగుండ పోవును గాని గోడ త్రవ్వుకొని పోనక్కరలేదు. క్రొత్త కాంక్రీటు డాబాలలో ఈ సౌకర్యము లేదు. అచ్చట హాలునుండి గదులకు పోవు నడవా మొదట పెట్టుట మేలు.

ఇక జహ్నువుల సంగతి. ఒక పెట్టె చుట్టునున్న ఫోనులన్నియు ఒకే గాలిని పంచుకొనును. సామాన్యముగా ఒక క్షణమున ఒక్కరే మాటలాడవలెను. ఇద్దరు ఒక్కసారి మాటలాడిన ఇద్దరి మాటయు చెడును. 1971లో హవాయి విశ్వవిద్యాలయమువారు దీవుల నడుమ ఆలోహా అను నిస్తంత్రీ జాలమును నడపినపుడు, మాటలు ఢీకొన్నచో కొంచెము ఆగి మరల చెప్పవలెనను నియమము పెట్టిరి. నేటి వైఫైలో ముందు చెవియొగ్గి విని, ఎవరును మాటలాడకున్న అప్పుడు మొదలిడవలెనని మరియొక మర్యాద చేరినది. పంచాయతీ సభలో పాటింపని మర్యాదను ఈ పెట్టెలు పాటించుచున్నవి. అయితే సభలో నత్తివాడొకడు లేచిన అతడు రెండు మాటలు చెప్పువరకు అందరును ఆగవలెను. పాత ఫోను, గోడల వెనుక దూరముననున్న ఫోను అట్టి నత్తివారు. వారికి చేరునది తక్కువ. వారు తీసికొను సమయము ఎక్కువ. కాబట్టి పెరటిగది ఫోనునకు దారి బాగు చేసినచో వీధిగదివారికి సైతము వేగము పెరుగును.

కంటికి కనబడని త్రాగుబోతులు కొందరు కలరు. వీధి కెమెరా రాత్రింబవళ్ళు చిత్రములను బయటికి పంపుచుండును. పెండ్లికి పోయివచ్చినవారి ఫోను ఇంటికి రాగానే ఆ మూడువందల ఫోటోలను ఎవరును అడుగకయే దూరపు భాండాగారమునకు పంప మొదలిడును. బయటికి పోవు దారి నిండిన లోపలికి వచ్చునదియు ఆగును. ఏలన ఇచ్చటనుండి అందినదను మాట పోనిదే అచ్చటినుండి తరువాతి భాగము రాదు. పాఠము వేళ ఈ పంపకములను ఆపి, రాత్రికి పెట్టుకొనవలెను. ఇరుగుపొరుగువారు పాస్‌వర్డు తెలిసి వాడుకొనుటయు కలదు. చనువున చెప్పినది ఊరంతయు ప్రాకును. ఏడాదికొకసారియైనను మార్చుట మంచిది; కంపెనీవారు మొదట పెట్టిన పాస్‌వర్డును అట్లే యుంచుట తాళముచెవిని గుమ్మానికి వ్రేలాడదీయుట.

పట్టణములలోని అపార్టుమెంట్లలో మరియొక చిక్కు. అచ్చట ఒక గదిలో ఫోను తెరచిన ఇరువది పేర్లు కనబడును. 2.4 పట్టీలో 13 ఛానలులున్నను అవి ఒకదానిమీదొకటి ఒరసికొనును. ఒరయక నిలుచునవి 1, 6, 11 అను మూడే. తక్కువమంది ఉన్నదానిని ఎంచుకొనవలెను, లేదా దగ్గరివాటికి 5 గిగాహెర్ట్‌జ్ వాడవలెను. వంటింట మైక్రోవేవు పొయ్యి ఉన్నవారికి అది వెలుగుచున్నంతసేపు 2.4 పట్టీలో రొద. రెండింటి తరంగమును ఇంచుమించు ఒక్కటే. పల్లెలలో ఇండ్లు ఎడముగా నుండుటచే ఈ బాధ స్వల్పము. దీనిమీద కాలము వ్యయము చేయుటకంటె బీరువా జరుపుకొనుట లాభము.

పెట్టెను మార్చి పెట్టినను చేరని గది ఉండవచ్చును. అప్పుడు అంగడివాడు రిపీటరు అను చిన్న పెట్టెను అమ్మజూపును. చౌకరకము రిపీటరు ఒకే ఛానలుమీద విని, అదే ఛానలుమీద మరల చెప్పవలెను. కాబట్టి వేగము సగమునకు తగ్గును. పైగా జనులు దానిని వైఫై రాని గదిలో పెట్టుదురు. రానిచోట కూర్చున్నవాడు దేనిని విని చెప్పగలడు? దానిని నడిమి దారిలో, ఇంకను బాగుగా వినబడుచోట పెట్టవలెను. దానికంటె మేలైనది తీగ. మొదటి పెట్టెనుండి క్యాట్ 5ఇ రకము తీగ లాగి దూరపు గదిలో రెండవ పెట్టెను తగిలించిన నష్టమే లేదు. ఆ తీగ 100 మీటర్ల వరకు సెకండునకు 1000 మెగాబిట్టులు మోయగలదు. చూరు వెంబడి మేకులు కొట్టి లాగుట ఒక పూట పని. రాగితీగను ఆరుబయట ఒక యింటినుండి మరియొక యింటికి వేలాడదీయుట మాత్రము కూడదు; పిడుగుల కాలమున రెండిండ్ల పెట్టెలును ఒక్కసారి పోవును.

దోషము నిజముగా కంపెనీవారిదైన సందర్భములు లేకపోలేదు. తీగతో చేసిన పరీక్షలోనే వేగము తక్కువైన, అది ఎల్లవేళలనా, రాత్రి ఎనిమిదింటినుండి పదింటివరకు మాత్రమేనా, నెలాఖరున మాత్రమేనా యని కాగితము చూడవలెను. రాత్రివేళ మాత్రమైనచో ఊరంతయు ఒక్కసారి త్రాగుచున్నది. చాలినంత దారి వారు వేయవలెను. నెలాఖరున మాత్రమైనచో ప్లానులోని పరిమితి ముగిసి వేగము తగ్గించియుందురు. అది ఒప్పందములో సన్నని అక్షరములలో నుండును. ఎల్లవేళలనైనచో ముందు ఇంటిలోని సన్నని ఫైబరు తీగను చూడవలెను. అది గాజు, మూలమలుపున నొక్కి వంచిన వెలుగు బయటికి కారిపోవును. ఎలుక కొరికినను అంతే. పెట్టెమీద ఎఱ్ఱదీపము మినుకుమినుకుమన్నచో బయటినుండి వెలుగే వచ్చుట లేదని గుర్తు. పాత పెట్టెలలో తీగ తగిలించు రంధ్రము 100 ఎంబీపీఎస్‌కు మించి ఇయ్యలేనిదై యుండును. దానికి 300 ప్లాను కొన్న తీగమీద లాభము లేదు. కాగితము చేతబట్టుకొని ఫోను చేసినవానికి కంపెనీవారు చెప్పు జవాబు వేరు, ఊరక నెమ్మదిగా ఉన్నదన్నవానికి చెప్పు జవాబు వేరు.

ఆ మండువా లోగిలిలో ఒక ఆదివారము ఫైబరు తీగకు మరి కొన్ని గజములు అతికించి, పెట్టెను వీధిగదినుండి మండువా స్తంభముమీదికి, గడియారము ప్రక్కకు మార్చినారు. అతుకు వేయుటకు కేబులు కుర్రవాడే వచ్చినాడు. ఆ తీగను ఇంటివారు కోసి అతుకగలిగినది కాదు. కూతురు మరల కాగితము తీసి వ్రాసినది. పెట్టెకడ 90. వీధిగదిలో 60. పెరటిగదిలో తలుపు తెరచిన 42, మూసిన 35. ఆ రాత్రి పాఠము గంటన్నరసేపు నిలువక నడచినది. తండ్రి వాకిటనుండి రెండుమార్లు తొంగిచూచి మారుమాటాడక పోయినాడు. నెల తిరుగగానే 40 ఎంబీపీఎస్ ప్లానునకే మరల మారినారు. పెరటిగదిలో 30కి తగ్గకుండ వచ్చుచున్నది. కరెంటు పోయినపుడు పెట్టె ఆరిపోకుండ 12 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టె నొకదానిని, మిగిలిన రుసుముతో, తగిలించినారు. వంటింటి వెనుకనున్న అటకగదికి ఇప్పటికిని వైఫై అందదు. దానికి తీగ లాగుట సంక్రాంతి సెలవులకు పెట్టుకొన్నారు.